పైకి పుష్టి, లోపల పాండువు

లావుగా నున్న స్త్రీకి రక్తమునకు కొఱత యుండదనుట మన యిండ్లలో పాతుకొనిపోయిన నమ్మకము. బక్కపలుచని పిల్ల కండ్లు తిరిగి పడినచో "పాపము, రక్తము లేదు" అని జాలిపడుదుము. బొద్దుగా నున్న కోడలు రెండు బిందెల నీళ్ళు మోసి ఆయాసపడి కూర్చున్నచో "ఒళ్ళు బరువు, పని బరువు" అని దెప్పుదుము. మొదటి యామెకు మందు దొరకును. రెండవ యామెకు మాట దొరకును.

ఈ నమ్మకము నిజము కాదు. దేహమున కొవ్వు పెరుగుట వేఱు, రక్తము పెరుగుట వేఱు. అంతియే కాదు, కొవ్వు మితిమీరినప్పుడు ఇనుము ఒంటబట్టకుండ ఆ కొవ్వే అడ్డుపడునని గడచిన యిరువదియైదేండ్ల వైద్యపరిశోధన వలన తేటపడినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల సోదరీమణులకు ఈ సంగతి ముఖ్యముగా తెలియవలెనని మా కోరిక. ఏలయనగా, రెండు తరములలో మన కంచములోని తిండి పూర్తిగా మారినది. ఆ మార్పు మన స్త్రీలకు బరువు నిచ్చెను గాని రక్తము నీయలేదు.

2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత గలదు. అదే సర్వేలో ఆ వయసు స్త్రీలలోనే నూటికి 30.1 మంది ఎత్తునకు తగిన బరువును మించియున్నారు. దేశము మొత్తము మీద ఈ రెండవ సంఖ్య 24 మాత్రమే. రక్తహీనులు ఒక గట్టునను, స్థూలకాయలు మఱియొక గట్టునను ఉన్నారని చదువరులు తలంతురేమో. అట్లు కాదు. ఈ రెండు వరుసలలోను చేరిన స్త్రీలు అనేకులు గలరు. వారిని గూర్చియే ఈ వ్యాసము.

ప్రాచీనులు చెప్పినది

ఈ మాట మన పెద్దలకు కొత్త కాదు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ యధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. లోకము నిందించు ఎనిమిది విధముల దేహములను అందు పేర్కొని, వానిలో మిక్కిలి స్థూలమైన దేహమును, మిక్కిలి కృశించిన దేహమును గూర్చి విస్తరించి చెప్పిరి. స్థూలదేహమున మేదస్సొకటియే పెరుగుననియు, తక్కిన ధాతువులు ఆ విధముగ పెరుగవనియు అచ్చటి సిద్ధాంతము. ధాతువులు ఏడు గదా: రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము. వీనిలో రక్తము రెండవది, మేదస్సు నాలుగవది. నాలుగవది నిండినంత మాత్రమున రెండవది నిండినదని తలపరాదని దీని తాత్పర్యముగా మేము గ్రహించితిమి.

ఆ గ్రంథముననే చికిత్సాస్థానమున పదునాఱవ యధ్యాయము పాండురోగమును గూర్చినది. అందు చెప్పబడిన నవాయసచూర్ణము, మండూరవటకములు మొదలగు ఔషధములకు ఇనుమే ప్రధానము. పాలిపోయిన దేహమునకు లోహము మందగునని వారు ఎఱుగుదురు. అట్లని ఎవరికి వారు అంగడిలో భస్మములు కొని మ్రింగుమని మేము చెప్పుట లేదు. పెద్దల చూపు మనకు దారి చూపును; మందు మోతాదు మాత్రము నేడు పరీక్షచేసిన వైద్యుని చేతిలోనే యుండవలెను.

ఇనుము చేయు పని

ఎదిగిన మనిషి దేహములోని ఇనుమంతయు కూడదీసినను మూడు నాలుగు గ్రాములకు మించదు. స్త్రీలలో ఇంకను తక్కువ. ఒక చిన్న మేకునకు సరిపడు లోహమిది. ఇందు సుమారు మూడింట రెండు పాళ్ళు రక్తమున హీమోగ్లోబిన్ అను పదార్థములో చేరి, ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును మోసికొనిపోయి సర్వాంగములకు పంచును. కొంత కాలేయము మొదలగు చోట్ల నిలువ యుండును. తక్కిన కొంచెము కండరములలోను, ప్రతి కణములోను పనిలో నుండును.

ఈ కడపటి పని జీవక్రియకు ఆయువుపట్టు. తిన్న అన్నము తిన్నట్లే బలము కానేరదు. ప్రతి కణములోను మైటోకాండ్రియా అను సూక్ష్మమైన పొయ్యిలు గలవు. అన్నమునుండి వచ్చిన చక్కెరయు, నూనెనుండి వచ్చిన కొవ్వును ఆ పొయ్యిలలో ప్రాణవాయువుతో కలిసి మండవలెను. ఆ మంటను అంచెలంచెలుగా నడుపు పదార్థములలో ఇనుము ఉండితీరవలెను. అట్లు పుట్టిన శక్తిని దేహము ఏ.టి.పి. అను పదార్థముగా చేసికొని వాడుకొనును. కండరములలో ఈ పదార్థము గలదని 1929లో లోకమునకు తెలిపిన వారిలో మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారును, వారితో పనిచేసిన ఫిస్కె అను అమెరికా పండితుడును గలరు.

ఇనుము చాలనిచో ఈ పొయ్యిలు సరిగా మండవు. ఇంటి ముందర కట్టెల మోపులు ఎన్ని పేర్చియున్నను పొయ్యిలో నిప్పు రాజుకొననిచో వంట కాదు. లావుగా నుండియు రక్తహీనురాలైన స్త్రీ పరిస్థితి సరిగా నిట్టిదే. దేహమున కొవ్వు రూపమున కావలసినంత వంటచెఱకు గలదు. దానిని బలముగా మార్చు లోహము లేదు. మెట్లెక్కినచో గుండె దడదడలాడును. మధ్యాహ్నమునకే కాళ్ళు పీకును. చదువుకొను పిల్లకు పాఠము తలకెక్కదు. మెడలోని థైరాయిడ్ గ్రంథి తన రసమును తయారుచేసికొనుటకు తోడ్పడు ఎంజైములోను ఇనుము గలదు; కావున ఇనుము తఱిగినచో ఆ గ్రంథి పనియు మందగింపవచ్చును. అప్పుడు దేహము చలికి ఓర్వదు.

ఇందు గమనింపదగిన దొకటి గలదు. హీమోగ్లోబిన్ తఱుగక మునుపే, కాలేయములోని నిలువ తఱుగుచున్నప్పుడే అలసట మొదలగును. ఆ యలసటను మనము సోమరితనమని పిలుచుచున్నాము. కదలలేనిదానికి కదలుమని చెప్పుటయు, కదలలేదని నిందించుటయు న్యాయమా?

మూయబడిన తూము

ఇనుమునకు దేహమున ఒక విచిత్రమైన నియమము గలదు. ఉప్పు ఎక్కువైనచో మూత్రమున వెడలిపోవును. ఇనుమునకు అట్టి దారి లేదు. ఎఱ్ఱకణము సుమారు 120 దినములు బ్రతుకును. అది నశించిన పిమ్మట అందులోని ఇనుమును దేహము పారవేయక, దినమునకు ఇరువది మొదలు ఇరువదియైదు మిల్లీగ్రాముల వరకు తీసి కొత్త కణములకు వాడుకొనును. తిండినుండి గ్రహించునది దినమునకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. పోవు దారి లేదు గనుక, వచ్చు దారియందే కాపలా యుండవలెను.

ఆ కాపలా చేయునది హెప్సిడిన్. ఇది కాలేయమున పుట్టు చిన్న మాంసకృత్తు. దీనిని 2000, 2001 సంవత్సరములలో కనుగొనిరి. ప్రేగుగోడ కణమునుండి ఇనుము రక్తములోనికి దిగు ద్వారమునకు ఫెర్రోపోర్టిన్ అని పేరు. హెప్సిడిన్ ఆ ద్వారమును పట్టుకొని మూయునని 2004లో తేలినది.

సాగరు ఎడమకాలువ క్రింద నున్న మనకు ఇది తెలియుట సులభము. ఫెర్రోపోర్టిన్ తూము, హెప్సిడిన్ ఆ తూము దించు లస్కరు. జలాశయమున నీరు నిండుగా నుండవచ్చును. అయినను లస్కరు తూము దించినచో చివరి భూములకు చుక్క నీరు రాదు. అట్లే హెప్సిడిన్ పెరిగినచో తిన్న ఆకుకూరలోని ఇనుము ప్రేగులోనే నిలిచి, కొన్ని దినములకు మలముతో వెడలిపోవును. పాత ఎఱ్ఱకణములనుండి తీసిన ఇనుమును నిలువచోటులనుండి బయటికి రాదు.

లస్కరు ఏల తూము దించును? రోగక్రిములు పెరుగుటకు ఇనుము కావలెను. అందుచేత జ్వరము వచ్చినప్పుడు, పుండు చీము పట్టినప్పుడు, క్రిములకు ఇనుము దొరకకుండ దేహము దానిని దాచివేయును. ఇది మన రక్షణకు ఏర్పడినదే. అయితే పొట్టచుట్టు పేరుకొనిన కొవ్వు ఊరక పడియుండు పదార్థము కాదు. అది మితిమీరినప్పుడు, రోగము వచ్చినప్పుడు పుట్టు సంకేతముల వంటివానినే, ఇంటర్‌ల్యూకిన్-6 మొదలగువానిని, రక్తములోనికి కొంచెము కొంచెముగా వదలుచుండును. జ్వరము లేదు, పుండు లేదు. అయినను ఆ వార్త నమ్మి కాలేయము హెప్సిడిన్‌ను పంపును. జ్వరము నాలుగు దినములలో తగ్గి తూము తెఱచుకొనును. కొవ్వు ఏండ్ల తరబడి యుండును గనుక తూము ఏండ్ల తరబడి సగము మూసియే యుండును. దీనికి తోడు పెద్ద దేహమునకు రక్తమును ఎక్కువ కావలెను. ఎక్కువ రక్తమునకు ఎక్కువ ఇనుము కావలెను. కావలసినది పెరిగెను, వచ్చునది తఱిగెను.

బొద్దుగా నున్న కౌమారప్రాయపు పిల్లల రక్తములో ఇనుము తక్కువగా నున్నదని అమెరికాలో 1962లోనే వైద్యులు ప్రకటించిరి. కారణము తెలియుటకు మాత్రము హెప్సిడిన్ కనబడువఱకు నలువది యేండ్లు పట్టినది. బరువు తగ్గినవారిలో హెప్సిడిన్ తగ్గి ఇనుము మరల ఒంటబట్టుటను గూడ పిమ్మట చూచిరి. ఇనుము తఱుగుటచేతనే మనిషి లావెక్కునని మాత్రము రుజువు కాలేదు. అయినను ఇనుము తఱిగిన స్త్రీ అలసి కూర్చుండును. కూర్చున్న దేహమున కొవ్వు పెరుగును. పెరిగిన కొవ్వు ఇనుమును అడ్డగించును. ఇది గానుగెద్దు తిరుగుడు.

ఋతుస్రావమును గూర్చియు చెప్పక తప్పదు. కొవ్వు ఎక్కువైన స్త్రీలలో కొందఱికి నెలసరి క్రమము తప్పి, రెండు మూడు నెలలు రాకయుండి, వచ్చినప్పుడు విస్తారముగా పోవును. ఆ రక్తముతో ఇనుమును పోవును. సిగ్గుపడి దీనిని దాచుకొనువారు మనలో ఎందఱో గలరు. ఇది దాచదగినది కాదు.

గటక పోయి అన్నము వచ్చెను

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. అంతకు మునుపు చెఱువుల క్రింద తప్ప మన ప్రాంతమున చెలకలే ఎక్కువ. జొన్న, సజ్జ, కంది, ఉలవ, ఆముదము ఆ చెలకల పంటలు. ప్రొద్దున అంబలి, పగలు జొన్నగటక, రాత్రి రొట్టె సామాన్యుల భోజనము. వరియన్నము పండుగనాటి మాట. నీరు వచ్చినది, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు ఏటికి రెండు కార్లు వరి పండినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందిన పట్టణమైనది. 2025 మార్చి 30న ఉగాదినాడు ప్రభుత్వమువారు చౌకధరల దుకాణములలో సన్నబియ్యమిచ్చు పథకమును హుజూర్‌నగర్‌లోనే ఆరంభించిరి. ఆకలి తీరినది. దీనిని నిందించుట మా యుద్దేశము కాదు. కడుపునిండ అన్నము దొరకుట చిన్న భాగ్యము కాదు.

అయితే ఆ తెల్లని బియ్యమున ఇనుమెంత? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన ఆహారపదార్థముల పట్టికలను చూడుడు. నూఱు గ్రాముల మిల్లుబియ్యమున ఇనుము సుమారు 0.65 మిల్లీగ్రాములు. దంపుడు బియ్యమున సుమారు 1. జొన్నలలో 4; తైదలలో నాలుగున్నర; సజ్జలలో 6.4, ఉలవలలో 8.7. వయసువచ్చిన స్త్రీ దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుముగల ఆహారము తినవలెనని భారత వైద్య పరిశోధన మండలివారు 2020లో నిర్ణయించిరి. మగవారికి 19 చాలును. మూడునూఱుల గ్రాముల బియ్యము వండుకొని తిన్న స్త్రీకి అందువలన వచ్చునది రెండు మిల్లీగ్రాములు. అంతే సజ్జలు తిన్నచో పందొమ్మిది.

సజ్జలలోని ఇనుమంతయు ఒంటబట్టునని కాదు. ధాన్యములలోను పప్పులలోను ఉండు ఫైటేటులు ఇనుమును పట్టి యుంచును. పదింట ఒకపాలు గ్రహించుటయే గొప్ప. అయినను మొదటనే లేనిదానికంటె ఉన్నదానిలో కొంత దొరకుట మేలు గదా. అంబలి పులియబెట్టుట, పెసలు బొబ్బెర్లు మొలకెత్తించుట, పప్పులో చింతచిగురు వేయుట, గటకలోనికి పచ్చిపులుసు పోసికొనుట మన అవ్వల యలవాట్లు. పులియబెట్టుటయు మొలకెత్తించుటయు ఫైటేటును తగ్గించును. పులుపు ఇనుమును కరగించి ఒంటబట్టునట్లు చేయును. శాస్త్రము తెలియకున్నను వారి వంటలో ఈ మేలు గలదు.

ఇప్పుడు మన యింటి భోజనమును తలచుకొనుడు. పురుషులు తిందురు, పిల్లలు తిందురు, అత్తమామలు తిందురు. కడపట ఇల్లాలు కూర్చుండును. అప్పటికి గిన్నెలో ఏమి మిగులును? అన్నము మిగులును, కూర మిగులదు. పప్పు అడుగంటియుండును, మాంసము వండిననాడు పులుసు మాత్రముండును. పారవేయ మనసొప్పక ఆమె రెండు గంటెల అన్నము ఎక్కువ పెట్టుకొని పచ్చడి మెతుకులతో కడుపు నింపుకొనును. భోజనము కాగానే చాయ త్రాగును. అన్నము కొవ్వగును, పప్పు, ఆకుకూర, మాంసములలో నుండవలసిన ఇనుము రానే లేదు, వచ్చిన కొంచెమును చాయలోని వగరు పట్టివేయును. పిదప ఆమె లావైనదని నవ్వుదుము. ఒకే కంచమున లావును రక్తహీనతయు ఎట్లు పెరుగునో ఇంతకంటె వివరింప నక్కఱలేదు.

బరువు తగ్గదలచిన యువతులు చేయు పని ఇంకొకటి గలదు. అన్నము మాని, దానితోపాటు పప్పును కూరను మాని, చాయయు రెండు బిస్కట్లును తిని దినము గడుపుదురు. ఒక్కప్రొద్దుల పేరిటను ఇట్లే జరుగును. నెలకు రెండు కిలోలు తగ్గవచ్చును. కాని ఇనుము ముందే చాలని దేహమునకు ఉన్న దారియు మూసినట్లగును. తగ్గింపవలసినది అన్నము, చక్కెర, నూనె. పెంచవలసినది పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, మాంసము.

పరీక్ష చేయించుకొనుడు

కోదాడ సమీపమున మా యెఱుకలోని గృహిణి యొకతె రెండవ కాన్పునకు ముందు మిక్కిలి నీరసించియుండెను. ఆమె బొద్దుగా నుండును. రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ ఏడు గ్రాములని తెలిసినప్పుడు అత్తగారు నమ్మలేదు. "గంత లావున్న పిల్లకు రక్తం తక్కువేంది? మిషిని ఖరాబైందేమో" అనెను. మఱునాడు మఱియొకచోట చేయించిరి, అచ్చటను ఏడే. అప్పటికి ఎనిమిదవ నెల. వైద్యులు ఆమెకు ఇనుమును నరములోనికి ఎక్కించి, కాన్పునాటికి కొంత మేలు చేసిరి. తల్లియు బిడ్డయు క్షేమము. కాని ఆ పరీక్ష మూడవ నెలలో జరిగినచో ఇంత ఆందోళన ఏల? కాన్పులో రక్తము పోవుట సహజము. నిలువ యున్న స్త్రీ దానిని తట్టుకొనును. లేని స్త్రీకి అది ప్రాణగండము.

కావున కంటితో చూచి తీర్పు చెప్పరాదు. గర్భము లేని స్త్రీకి హీమోగ్లోబిన్ 12 గ్రాములకు తక్కువగా నున్నచో రక్తహీనత. గర్భవతికి మొదటి మూడు నెలలలోను కడపటి మూడు నెలలలోను 11. ఇక స్థూలకాయమునకు కొలత: కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుచే రెండుమార్లు భాగింపగా వచ్చు సంఖ్య మన దేశస్థులకు 23 దాటినచో అధిక బరువు, 25 దాటినచో స్థూలకాయము. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

నిలువ ఇనుమును తెలుపు పరీక్ష ఫెర్రిటిన్. ఇందొక మోసము గలదు. దేహమున శోథ యున్నచో ఫెర్రిటిన్ తానుగా పెరుగును. తూము మూసిన జలాశయమున నీటిమట్టము పైన కనబడినట్లే, లావుగా నున్న స్త్రీకి ఫెర్రిటిన్ బాగుగ నున్నట్లు కనబడుచుండగా పొలము ఎండుచుండవచ్చును. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో, ఆరోగ్యవంతులకు లీటరునకు 15 మైక్రోగ్రాములకు లోపున్నచో కొఱత యనియు, శోథ యున్నవారికి 70కి లోపున్నను కొఱతగా నెంచవలెననియు చెప్పిరి. ఫెర్రిటిన్‌తోపాటు శోథను తెలుపు సి.ఆర్.పి. పరీక్షయు అవసరమా అని వైద్యునే అడుగుడు.

మధుమేహము గలవారికి ఇంకొక మాట. మూడు నెలల చక్కెరను తెలుపు హెచ్‌బిఏ1సి పరీక్ష ఎఱ్ఱకణముల వయసు మీద ఆధారపడును. ఇనుము తక్కువైన స్త్రీలో ఆ సంఖ్య నిజముకంటె హెచ్చుగా చూపవచ్చును. రక్తహీనత యున్నదని చెప్పకుండ చక్కెర మందు పెంచుకొనుట మంచిది కాదు.

మాత్రయు పథ్యమును

ఆరోగ్యకేంద్రములలో గర్భవతులకు ఇచ్చు ఎఱ్ఱని మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గలవు. కౌమారప్రాయపు బడిపిల్లలకు వారమునకొక నీలి మాత్ర. ఈ మాత్రలోని ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకులు మనము పైన పేర్కొనిన సుబ్బారావుగారే. ఒక తెలుగువాని కష్టము గల మాత్రను తెలుగింటి యటుకమీద పాఱవేయుట తగునా? మలము నల్లబడుననియు, కడుపులో త్రిప్పుననియు మన స్త్రీలు దానిని మానుదురు. మలము నల్లబడుట మామూలే. కడుపు త్రిప్పినచో భోజనానంతరము వేసికొనవచ్చును. అదియు సరిపడనిచో మందు మార్చుమని అడుగవలెను గాని ఊరక మానరాదు.

మాత్రను చాయతోను పాలతోను వేసికొనరాదు. నిమ్మనీటితో మేలు. భోజనమునకు ఒక గంట ముందును, గంట తరువాతను చాయ మానవలెను. ఒకనాడు మాత్ర వేసికొనగానే హెప్సిడిన్ పెరిగి మఱునాటి వఱకు తూమును కొంత మూయునని పరిశోధకులు చూపిరి. అందుచే దినము విడిచి దినము వేసికొన్నచో ప్రతి మాత్రలోని ఇనుము హెచ్చు పాలు ఒంటబట్టును. గర్భవతులు మాత్రము వైద్యులు చెప్పిన క్రమమునే పాటింపవలెను. పరీక్ష లేకుండ ఏండ్ల తరబడి ఇనుము మ్రింగుటయు కూడదు. బయటికి పోవు దారి లేని లోహమిది. నిలువ మితిమీరినచో కాలేయమునకు చెఱుపు. తలసీమియా గల కుటుంబములవారు ముందుగా వైద్యునికి చెప్పవలెను.

తిండి విషయము సులభము. దినమునకొక పూట అన్నమునకు మాఱుగా జొన్నరొట్టెగాని సజ్జరొట్టెగాని తైదంబలిగాని ఉండవలెను. సద్దుల బతుకమ్మనాడు మలీద చేసికొని పంచుకొను చేతులకు రొట్టె తట్టుట కొత్త కాదు. తోటకూర, మునగాకు, పుంటికూరలలో ఏదైన ఒకటి దినమును కంచమున పడవలెను. ఉసిరిక, జామ, నిమ్మలలో ఒకటి దానికి తోడు. ఉలవచారు, బొబ్బెర గుగ్గిళ్ళు, నువ్వులు అందరికి అందుబాటులో నున్నవే. మాంసాహారులు కార్జమును, మాంసమును మగవారికే యని యెంచరాదు. వానిలోని ఇనుము ఆకులలోని ఇనుముకంటె సులభముగా ఒంటబట్టును. దినమునకు అరగంట వేగముగా నడచుట కొవ్వును తగ్గించును. బరువు మెల్లగా తగ్గినను సరియే; తగ్గుకొలది తూము తెఱచుకొనును. అంగన్‌వాడీలలో గర్భవతులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనమిచ్చుటకు ఆరోగ్యలక్ష్మి పథకమును 2015 జనవరి 1న ఆరంభించిరి. అట్టి భోజనమును ఇంటికి తెచ్చి పదుగురకు పంచక, ఎవరికొఱకు ఇచ్చిరో వారే కూర్చుండి తినవలెను.

సోదరీమణులారా, వీని కన్నిటికి ముందు చేయవలసినది డబ్బుతో పనిలేనిది. ఈ రాత్రి వడ్డించునప్పుడు కూరను అందరికి పంచుటకు మునుపే ఇల్లాలి పాలు వేఱుగా తీసి మూతపెట్టుడు. అత్తగారు తీసినచో మఱియు బాగు. మీ యింట బొద్దుగా నున్న కోడలో, కూతురో అలసితినని చెప్పినచో నవ్వక, ఆమెను వెంటబెట్టుకొని పోయి రక్తము చూపించుడు. సంఖ్య బాగుగ నున్నచో అందరికి నెమ్మది. లేనిచో చికిత్సకు ఇంకను సమయము గలదు. మన పాఠకురాండ్రు ఈ విషయమును తమ యిరుగుపొరుగు వారికిని తెలుపుదురు గాక.